షాపుకి ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొంటున్నారా? నా 8 పైసల కథ విని కొనండి

వెనకాల టకటకా చప్పుడు వస్తుంటుంది, ఏమనుకోకండి. స్టూడియో గీడియో ఏం లేదు మనకి, షాపులోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మూసారాంబాగ్‌లో మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి, ఒక చిన్న షట్టర్. జిరాక్స్, ప్రింటౌట్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, లామినేషన్, పాస్‌పోర్ట్ సైజ్ ఫొటోలు... మీ గల్లీలో కూడా ఇట్లాంటి షాప్ ఒకటి ఉండే ఉంటుంది.

చాలా రోజుల నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు. "అన్నా, చిన్న షాప్ పెడుతున్నా, ఏ ప్రింటర్ తీసుకోవాలి?" "అన్నా, ఇంట్లో ట్యూషన్ నోట్స్ కోసం ఇంక్ ట్యాంక్ మంచిదా, లేజర్ మంచిదా?" చెప్తా. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది, అయినా ఇది చెప్పకుండా మిగతాది చెప్తే మీరు కూడా నేను చేసిన తప్పే చేస్తారు.

మా ఏరియా సంగతి తెలుసు కదా. పక్కనే దిల్‌సుఖ్‌నగర్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఏ ఎగ్జామ్ నోటిఫికేషన్ వచ్చినా మొదటి గిరాకీ మాకే. అప్లికేషన్ రోజు ఒకసారి వస్తారు, హాల్ టికెట్ వచ్చినప్పుడు ఇంకోసారి వస్తారు. ఎక్కువమంది ఎగ్జామ్‌కి ముందురోజు సాయంత్రమే వస్తారు. ఒక జూలైలో అట్లాగే ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఒక అమ్మాయి వచ్చింది. హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. ఫోన్‌లో పీడీఎఫ్ పంపింది, నేను ప్రింట్ తీసి ఇచ్చా, 10 రూపాయలు తీసుకున్నా. అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే షట్టర్ సగం ఎత్తానో లేదో, పరుగెత్తుకుంటూ వచ్చింది. రాత్రి నుంచి ఒకటే వాన. చేతిలో హాల్ టికెట్ తడిసింది. తడిస్తే తడిసింది, ఆరబెట్టుకోవచ్చు. కానీ ఫొటో ఉన్నచోట ముఖం లేదు. నల్లగా కారిపోయి, కింద సంతకం మీదికి దిగిపోయింది. "అన్నా, ఇంకోటి తీయ్ అన్నా, ఫొటో క్లియర్‌గా లేకపోతే లోపలికి పంపరంట" అంది.

తీశా. ప్రింట్‌లో అడ్డంగా తెల్లగీతలు. ఫొటోలో కళ్లున్నచోట సరిగ్గా గీత పడింది. హెడ్ క్లీనింగ్ కొట్టా. ఇంకా ఎక్కువయ్యాయి గీతలు. మళ్లీ కొట్టా. ఈసారి నలుపు రానే రాలేదు, ఖాళీ కాగితం బయటికొచ్చింది. పక్క షాప్ ఇంకా తీయలేదు. ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంటూ నిలబడింది, ఏమీ అనట్లేదు. తిడితే బాగుండేది. చివరికి మా గల్లీలో ట్యూషన్ చెప్పే సార్‌ని నిద్రలేపి, ఆయన లేజర్ ప్రింటర్‌లో తీసి ఇచ్చా. ఆటో ఎక్కించా. సెంటర్ ఉప్పల్ అవతల. గేటు మూశాక ఒక్క నిమిషం కూడా ఆగరని మనకందరికీ తెలుసు కదా. ఆ అమ్మాయి టైమ్‌కి చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ మా షాపుకి రాలేదు.

తప్పు ప్రింటర్‌ది కాదు. అందుకే అది ఏ కంపెనీ అనేది చెప్పట్లేదు. తప్పు నాది. ఏం చేశానో వినండి.

ఆ మెషిన్‌కి కంపెనీవాళ్లు ఇచ్చిన నల్ల ఇంక్ పిగ్మెంట్ ఇంక్. బాటిల్ ఒకటి 540 రూపాయలు అనుకోండి, 6,000 పేజీలు వస్తాయి అనుకోండి. అంటే పేజీకి 9 పైసలు. నాకెవరో చెప్పారు, లీటర్ బాటిల్ 500కే వస్తుంది, అన్ని ప్రింటర్లకీ పోయొచ్చు అని. తెచ్చి పోశా. పేజీకి ఒక పైస కూడా పడదు. నేను పెద్ద తెలివైనవాణ్ని అనుకున్నా. ఆ లీటర్ బాటిల్‌లో ఉన్నది డై ఇంక్.

ఈ డై, పిగ్మెంట్ తేడా ఒక్కటి అర్థమైతే సగం సబ్జెక్ట్ అయిపోయినట్టే. డై అంటే రంగు నీళ్లలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, పంచదార నీళ్లలో కరిగినట్టు. కాగితం మీద పడ్డాక మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ అంటే కరగదు, సన్నటి పొడి ద్రవంలో తేలుతూ ఉంటుంది. కాగితం మీద పడ్డాక ద్రవం ఆరిపోతుంది, పొడి అక్కడే అతుక్కుని ఉంటుంది. నీళ్లు పడినా అంత తొందరగా పోదు. ఇప్పుడు ఆలోచించండి, పిగ్మెంట్ ఉన్న ట్యాంక్‌లో డై పోస్తే ఏమవుతుంది? రెండు వేరే వేరే కెమికల్స్. కలిస్తే పొడి ముద్దకట్టొచ్చు. హెడ్‌లో ఉండే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. ముద్ద అక్కడ ఇరుక్కుంటుంది. ఆ అమ్మాయి ఫొటో కారిపోవడానికీ, పొద్దున్న హెడ్ మూసుకుపోవడానికీ రెండింటికీ కారణం ఆ లీటర్ బాటిలే.

10 రూపాయలు తీసుకున్నా కదా ఆమె దగ్గర. అందులో నేను ఇంక్‌లో మిగిల్చుకున్నది 8 పైసలు. హెడ్ మార్చడానికి తర్వాత నాకు చెప్పిన ఎస్టిమేట్ కొత్త మెషిన్ రేటులో దాదాపు సగం.

ఇంకో లెక్క చూడండి, ఇది ఎవరూ చెప్పరు. మనం పేపర్ బండిల్ 500 షీట్లది 250, 300 పెట్టి కొంటాం. అంటే ఒక్కో కాగితం 50 నుంచి 60 పైసలు. ఇంక్ 9 పైసలు. మనకి ఖర్చంతా కాగితంలో ఉంటే, మనం పీనాసితనం ఇంక్‌లో చేస్తున్నాం! ఒరిజినల్ కార్ట్రిడ్జ్ పేజీకి రెండు మూడు రూపాయలు పడే రోజుల్లో వేరే ఇంక్ వెతుక్కోవడంలో అర్థం ఉంది. ట్యాంక్ ప్రింటర్‌లో ఒరిజినల్ ఇంకే చవక. ఆ పాత అలవాటు మనల్ని వదల్లేదు, అంతే.

ఆ పాత రోజులు మీలో చాలామందికి తెలియవు. ప్రింటర్ చవకగా అమ్మేవాళ్లు, కార్ట్రిడ్జ్ దగ్గర మన తోలు తీసేవాళ్లు. మనవాళ్లు ఊరుకుంటారా? సిరంజితో ఇంక్ ఎక్కించేవాళ్లు. తర్వాత సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అంటాం కదా, అక్కడికి పోతే ప్రింటర్ పక్కన నాలుగు డబ్బాలు పెట్టి, సన్నటి పైపులు లోపలికి లాగి ఇచ్చేవాళ్లు. పైపు జారి టేబుల్ మీద, చొక్కా మీద, అంతా హోలీ. మన దగ్గరే కాదు, ఆసియా దేశాల్లో చాలాచోట్ల ఇదే పని నడిచింది. చివరికి ఎప్సన్ కంపెనీ, మీరు పైపులు పెట్టేదేంటి మేమే ట్యాంక్ పెట్టి ఇస్తాం అని 2010లో ఇండోనేషియాలో మొదట అమ్మింది. తర్వాత మన దగ్గరికీ వచ్చింది. కానన్ జీ సిరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ టీ సిరీస్ అన్నీ తర్వాత వచ్చినవే. అంటే ఈ మెషిన్‌కి అసలు మూలం మనలాంటి షాపులవాళ్లు చేసిన జుగాడ్.

సరే, ఏది కొనాలి? నేను మోడల్ నంబర్ చెప్పను. ఎందుకంటే ఈ రోజు చెప్పిన మోడల్ ఆరు నెలల్లో మార్కెట్‌లో ఉండదు. నేనైతే షాప్‌లోకి పోగానే అడిగేవి మూడు నాలుగు సంగతులు.

మొదటిది, నలుపు పిగ్మెంటా, డైనా? కొన్ని మోడల్స్‌లో నలుపు పిగ్మెంట్, మూడు రంగులు డై ఉంటాయి. కొన్నింట్లో నాలుగూ డైయే. ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లకి నాలుగూ డై ఉన్నా మంచిదే, గ్లాసీ పేపర్ మీద మెరుస్తుంది. హాల్ టికెట్లు, అఫిడవిట్లు, రెజ్యూమ్‌లు తీసే మనకి నలుపు పిగ్మెంటే కావాలి. షాప్‌లో కుర్రాడికి తెలియకపోతే డెమో ప్రింట్ తీయించండి. రెండు నిమిషాలాగి, వేలు తడి చేసుకుని అక్షరాల మీద రుద్దండి. నవ్వితే నవ్వనీయండి. ఒకటి గుర్తుంచుకోండి, నలుపు పిగ్మెంట్ అయినా రంగులు డైయే కాబట్టి కలర్ ప్రింట్ తడిస్తే కారుతుంది. అందుకే నేను ఇప్పుడు వానాకాలం హాల్ టికెట్ ఎవరికి తీసినా ట్రాన్స్‌పరెంట్ కవర్‌లో పెట్టి ఇస్తున్నా. కవర్‌కి డబ్బులు తీసుకోను.

రెండోది హెడ్. ఇందులో రెండు రకాలు. ఎప్సన్, బ్రదర్ వాళ్లది పీజో. కరెంట్ ఇస్తే లోపల ఒక చిన్న ముక్క వంగుతుంది, ఆ ఒత్తిడికి ఇంక్ చుక్క బయటపడుతుంది. వేడి ఉండదు. కానన్, హెచ్‌పీ వాళ్లది వేడితో. లోపల ఇంక్ క్షణంలో కాగి బుడగ వస్తుంది, బుడగ చుక్కని తోస్తుంది. ఏది గొప్ప అనే గొడవ నాకొద్దు. షాపువాడిగా నాకు కావలసింది ఒక్కటే, హెడ్ పోతే ఎవరు మార్చాలి? కానన్ జీ సిరీస్‌లో, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్‌లో హెడ్‌ని మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఎప్సన్‌లో హెడ్ ఎక్కువ కాలం వస్తుంది, కానీ పోతే మెకానిక్ విప్పాల్సిందే. సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉందా, ఎన్ని రోజుల్లో ఇస్తాడు అనేది కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మూడోది చాలామందికి తెలియనే తెలియదు. హెడ్ క్లీనింగ్ కొట్టినప్పుడు ఇంక్ ఎక్కడికి పోతుంది? గాల్లోకి పోదు కదా. కింద ఒక స్పాంజి లాంటి ప్యాడ్ ఉంటుంది, అందులోకి పోతుంది. ప్రింటర్ లోపల లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. ప్యాడ్ నిండింది అనుకున్న రోజు మెషిన్ మొత్తం ఆగిపోతుంది. ఇంక్ నిండుగా ఉంటుంది, హెడ్ బాగుంటుంది, అయినా ఒక్క పేజీ తీయదు. కానన్‌లో అయితే 5బీ00 అని ఎర్రర్ వస్తుంది. అప్పుడు నెట్‌లో రీసెట్ సాఫ్ట్‌వేర్ వెతుకుతారు. లెక్క జీరో అవుతుంది నిజమే, ప్యాడ్ ఖాళీ అవుతుందా? కాదు కదా. నేను ఒకసారి అట్లా రీసెట్ కొట్టి సంతోషపడ్డా. రెండు నెలలకి మెషిన్ ఎత్తి చూస్తే టేబుల్ మీద నీలం మడుగు. కింద డ్రాలో కస్టమర్ల సర్టిఫికెట్ల జిరాక్స్‌లు ఉన్నాయి, అదృష్టం బాగుండి ఒరిజినల్స్ లేవు. కాబట్టి వర్క్ కోసం కొనేవాళ్లు, మెయింటెనెన్స్ బాక్స్ మనమే మార్చుకునే మోడల్ తీసుకోండి. ఎప్సన్ ఎల్ 6000 సిరీస్‌లో, కానన్ కొత్త జీ సిరీస్ మోడల్స్‌లో అట్లాంటి బాక్స్ ఉంటుంది. మెషిన్ రేటు కొంచెం ఎక్కువ. అయినా సరే.

వారంటీ కాగితం కూడా చదవండి బాబూ. "సంవత్సరం లేదా ఇన్ని పేజీలు, ఏది ముందైతే అది" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 30,000 పేజీలు అని ఉందనుకోండి. రోజుకి 200 తీస్తే 150 రోజులు. ఐదు నెలల్లో మీ సంవత్సరం వారంటీ అయిపోయినట్టే.

ఇక లేజర్ సంగతి. కేవలం బ్లాక్ అండ్ వైట్, రోజుకి వందల పేజీలు, అది కూడా ఒకేసారి తీసేవాళ్లయితే నిర్మొహమాటంగా లేజర్ కొనండి. లేజర్‌లో ఉండేది ఇంక్ కాదు, టోనర్ పొడి. వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. నెల రోజులు వాడకపోయినా ఎండిపోదు, తడిసినా కారదు. మరి నేనెందుకు ఇంక్ ట్యాంక్ పెట్టుకున్నా? ఒకటి, కలర్. కలర్ లేజర్ టోనర్ల రేటు నా వల్ల కాదు. రెండు, కరెంట్. వాన గట్టిగా పడితే మా గల్లీలో కరెంట్ పోతుంది. లేజర్ వేడెక్కడానికి కొన్ని వందల వాట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. ఇంక్ ట్యాంక్ మెషిన్ 20 వాట్ల లోపే నడుస్తుంది. కరెంట్ లేనప్పుడు మా లైన్‌లో ప్రింట్ వచ్చేది నా షాప్‌లోనే. ఆ జూలై తర్వాత మాత్రం ఒక సెకండ్ హ్యాండ్ బ్లాక్ లేజర్ కూడా కొని మూలన పెట్టా. ఎగ్జామ్ సీజన్‌లో రెండో మెషిన్ లేకుండా షట్టర్ ఎత్తను.

ఇప్పుడు కొన్నాక ఎట్లా చూసుకోవాలి అనేది. చాలామంది ప్రింటర్ ఎక్కువ వాడితే పాడవుతుంది అనుకుంటారు. ఇంక్ ట్యాంక్‌కి ఇది తిరగేసి చెప్పాలి. వాడని రోజే ప్రమాదం. మాకు అనుభవం కదా. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ పొంగి మూసారాంబాగ్ పాత బ్రిడ్జి బంద్ చేసేవాళ్లు. అంబర్‌పేట వైపు నుంచి వచ్చే గిరాకీ మొత్తం ఆగిపోయేది. రెండు మూడు రోజులు కలర్ ప్రింట్ ఒక్కటి కూడా ఉండేది కాదు. నలుపు నడుస్తూనే ఉండేది, పసుపు మాత్రం మెల్లగా హెడ్‌లో ఎండిపోతుండేది. మనం చూసుకోం. అందుకని గిరాకీ ఉన్నా లేకపోయినా పొద్దున్నే షట్టర్ ఎత్తగానే నేను ఒక నాజిల్ చెక్ తీస్తా. నాలుగు రంగుల గళ్లు వస్తాయి, ఎక్కడ గీత తెగిందో కనబడిపోతుంది. వాడేసిన కాగితం వెనకవైపు తీస్తా, కాబట్టి ఖర్చు దాదాపు ఏమీ లేదు. కస్టమర్ ముందు బయటపడే జబ్బు పొద్దున్నే నాకు ఒక్కడికే బయటపడుతుంది.

గీత తెగితే క్లీనింగ్ ఒకసారి, పోకపోతే రెండోసారి. మూడోసారికి చెయ్యి పోనివ్వకండి. ఆపేసి, రాత్రంతా వదిలేసి పొద్దున్న చూడండి. ఎండిన ఇంక్ కొంచెం నాని, చాలాసార్లు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ రోజు ఆ అమ్మాయి ఎదురుగా నేను చేసింది సరిగ్గా దీనికి ఉల్టా, కంగారులో కొడుతూనే పోయా.

ఆఫ్ చేసేటప్పుడు స్విచ్ బోర్డ్ దగ్గర టక్కున కొట్టకండి. ప్రింటర్ మీద ఉన్న బటన్ నొక్కండి. అప్పుడు హెడ్ కుడివైపుకి పోయి, రబ్బరు మూత మీద కూర్చుంటుంది. పెన్నుకి క్యాప్ పెట్టినట్టు. బోర్డ్ దగ్గర ఆపితే హెడ్ దారిలోనే నిలబడిపోవచ్చు, క్యాప్ లేని పెన్నులా ఎండుతుంది. మా షాప్‌లో పనిచేసిన తమ్ముడికి ఇది చెప్పీ చెప్పీ నా నోరు పోయింది, చివరికి బోర్డ్ మీద ప్లాస్టర్ వేసేశా.

ట్యాంక్‌లో ఇంక్ కింది గీత దాకా దిగనివ్వకండి. దిగితే పైపులోకి గాలి పోతుంది, ఆ గాలి తీయాలంటే సగం బాటిల్ ఇంక్ ప్యాడ్ పాలు. షాప్ మారేటప్పుడు మెషిన్‌ని బండి మీద పక్కకి వంచి తీసుకెళ్లొద్దు, నిటారుగానే పోవాలి. వానాకాలం పేపర్ బండిల్ కవర్ చింపి మొత్తం ట్రేలో పెట్టకండి, తేమ పీల్చి రెండేసి మూడేసి లాగుతుంది. కావలసినంత తీసి మిగతాది కవర్‌లోనే చుట్టి పెట్టండి. రోడ్డు పక్క షాపులవాళ్లకి దుమ్ము ఇంకో శత్రువు. వారానికొకసారి పేపర్ లాగే రబ్బరు రోలర్‌ని తడిగుడ్డతో తుడవండి, సగం జామ్‌లు అక్కడే ఆగిపోతాయి.

బాటిల్ మీద "6,000 పేజీలు" అని ఉంటుంది, నాకు నాలుగు వేలే వచ్చాయి, మోసం అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మోసం కాదు. ఆ లెక్క ఐఎస్ఓ వాళ్ల ఐదు పేజీల శాంపిల్ సెట్‌ని మళ్లీ మళ్లీ ప్రింట్ తీసి వేసేది. నువ్వు పేజీ నిండా ఆధార్ కార్డుల ఫొటోలు తీస్తే అంత ఎట్లా వస్తాయి? ఆధార్ అంటే గుర్తొచ్చింది, మా ఏరియా పేరు ఇంగ్లీషులో మెట్రో స్టేషన్ బోర్డు మీద ఒక స్పెల్లింగ్, జనం కార్డుల్లో ఇంకో స్పెల్లింగ్. అడ్రస్ కరెక్షన్ ఫారాల మీదే నాకు నెలకి ఒక బండిల్ పోతుంది. నాకు మంచిదేలే.

చివరిగా సెకండ్ హ్యాండ్ గురించి. చాలామంది అడిగారు. తీసుకోవచ్చు. కానీ ఫొటోలు చూసి డబ్బులు కొట్టకండి. పోయి, మీ ముందే ఆన్ చేయించి, నాజిల్ చెక్ తీయించండి. సెట్టింగ్స్‌లో మొత్తం ఎన్ని పేజీలు తీసిందో కనబడితే చూడండి. మెషిన్ ఎత్తి కింద వేలు పెట్టండి, ఇంక్ తడి ఉంటే ఎవరో నాలాంటి మహానుభావుడు రీసెట్ కొట్టి వదిలించుకుంటున్నాడని అర్థం. ట్యాంక్‌లో ఏ ఇంక్ పోశావు అన్నా అని అడగండి, ఖాళీ ఒరిజినల్ బాటిల్ చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

సరే ఫ్రెండ్స్, బయట ఇద్దరు నిలబడ్డారు, ఒకాయన చేతిలో పెన్‌డ్రైవ్ ఊపుతున్నాడు. ఆ, వస్తున్నా అన్నా, ఒక్క నిమిషం. ఉంటా మరి.